పచ్చ టిక్కు

ఇప్పటిదాకా పైకి ఎవరితోనూ అనని మాట ఒకటుంది. ముందు అదే రాసేస్తాను, లేకపోతే మళ్ళీ దాని చుట్టూ తిరుగుతాను.

మొగలిలంక లాకుల దగ్గర సత్తిరాజు గారికి ఆ కబురు చేరలేదు. చేరిందని మా సర్వర్ పచ్చ టిక్కు పెట్టింది. అలా పెట్టేలా రాసింది నేను. అది అబద్ధమని నాకు మర్నాటి సాయంత్రానికే తెలుసు.

తెలిసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.

ఈ పంతొమ్మిది రోజులూ నేనేం చేశానంటే, లైబ్రరీ వెతికాను. పుస్తకాలుండే లైబ్రరీ కాదు. సర్వరుకీ అవతలివాళ్ళ ఫోనుకీ మధ్య ఒక దారి ఎప్పుడూ తెరిచి ఉంచి, ఇటు మాట పుట్టగానే అటు పంపే సరంజామా. ఎవరో రాసి పెడతారు, మనం తెచ్చుకుని మన ప్రోగ్రాంలో కలుపుకుంటాం. దాన్ని కూడా లైబ్రరీ అనే అంటారు. అలాంటివి బోలెడున్నాయి. అందులో ఏది మంచిదో తేల్చేదాకా ఇంకో పని ముట్టుకోనని కూర్చున్నాను.

మా ఆఫీసు ఏలూరు పవర్‌పేటలో, ఒక టైలరింగ్ షాపు మీద రెండు గదులు. మేం ముగ్గురం. ఎస్తేరు రాణి మేడం, నాగూర్ బాషా, భాగ్యం అనే నేను.

మేడం మొదట ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. డిపార్టుమెంటు పరీక్షలు ఒక్కొక్కటే రాసి, ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజీలు వచ్చాక వాటి ప్రోగ్రాములు చూసుకునే దాకా వెళ్ళారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఈ ఆఫీసు పెట్టారు.

నేను బస్టాండు ఎదుట జిరాక్సు షాపులో పని చేస్తూ, గిరాకీ లేనప్పుడు ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని. డిగ్రీ రెండో ఏట ఆగిపోయింది. మేడం నన్ను పనిలోకి తీసుకున్నప్పుడు ఒక్క సర్టిఫికెట్టూ అడగలేదు. మొదటి వారం కోడ్ కూడా ముట్టుకోనివ్వలేదు.

"ఫోన్ ఎత్తు" అన్నారు.

వారం రోజులు ఆఫీసు ఫోన్ ఎత్తాను. ఇందుకేనా నేను తిండి మానేసి జావాస్క్రిప్టు నేర్చుకుంది అని లోపల ఉడికిపోయాను. శనివారం సాయంత్రం అడిగారు.

"ఎన్ని వచ్చాయి?"

"నలభై రెండు మేడం." రాసి పెట్టుకున్నాను మరి.

"నువ్వు చెప్పింది వాళ్ళు విన్నారని నీకు ఎన్నింట్లో తెలిసింది?"

ఆ లెక్క నా దగ్గర లేదు.

"సరే, సోమవారం నుంచి కోడ్ చూడు" అన్నారు.

ఆ ప్రశ్న ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థం కాలేదు. అడగలేదు కూడా. అడిగితే సరిగ్గా చదువుకోనిదాన్నని బయటపడిపోతుందని నా భయం. ఏదైనా తెలీకపోతే తెలిసినట్టు తలూపి, తర్వాత ఒక్కదాన్నే కూర్చుని వెతుక్కోవడం నా అలవాటు.

మేడం అలవాటు ఇంకో రకం. ఏది చెప్పినా దాన్ని తిరిగి అంటారు. "మేడం, టీ రెండు చెప్పాను" అంటే "టీ రెండు" అంటారు. "కరెంటు నాలుగింటికి వస్తుందట" అంటే "నాలుగింటికి" అంటారు. మేడంతో మాట్లాడితే రసీదు గ్యారంటీ అని నాగూర్ నవ్వుతాడు.

ఫోన్ కూడా అవతలివాళ్ళు పెట్టేదాకా తను పెట్టరు. ట్రంకు బోర్డు మీద పడిన అలవాటట. రెండు ఊళ్ళు కలిపాక, "అవతల ఎవరండీ?" అని అడిగి, ఇటు గొంతూ అటు గొంతూ రెండూ చెవిన పడేదాకా వైరు మీంచి చెయ్యి తీసేవారు కాదట. ఆ రోజుల్లోనే ఒక వానాకాలం ఎక్కడో లైను మీద పిడుగు పడి, హెడ్‌ఫోన్లో మోగిన మోతకి ఆవిడ కుడి చెవి పోయింది. ఎడమ చెవికి ఇప్పుడు మిషను పెట్టుకుంటారు. జుట్టు చాటున ఉంటుంది, కనపడదు. "అది తీసేస్తే పక్కన టపాకాయ పేలినా నాకు తెలీదు" అని ఆవిడే నవ్వుతూ చెబుతారు.

ఈ వేసవిలో మాకు ఇరిగేషన్ శాఖ నుంచి కాలువల పని వచ్చింది.

పెద్ద కాలువ మీద నీళ్ళు ఆపి వదిలే లాకులు పదమూడు. పైన షట్టర్లు లేపితే నీళ్ళు కిందికి వస్తాయి. ఆ నీళ్ళు వచ్చేలోగా కింది లాకు దగ్గర మనిషి తన షట్టర్లు లేపాలి. ఆ మనిషిని లస్కరు అంటారు. పై లస్కరు నుంచి కింది లస్కరుకి కబురు వెంటనే అందాలి, అందినట్టు సెక్షన్ ఆఫీసులో తెర మీద కనపడాలి. అదీ పని. ప్రతి లస్కరుకీ ఒక ఫోన్ ఇచ్చారు.

ఫోన్లో మా పేజీ ఎలా వాడాలో చూపించడానికి లాకు లాకుకీ నేనే వెళ్ళాను.

మొగలిలంక లాకుల దగ్గర సత్తిరాజు గారు. యాభై దాటిన మనిషి. లాకు గది ముందు వరసగా కనకాంబరం మొక్కలు వేసుకున్నారు. కొత్త ఫోన్‌ని రెండు చేతుల్లో, పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. గదిలో సిగ్నల్ లేదు. ఇద్దరం గట్టు మీదికి వచ్చి నిలబడితేగానీ పేజీ తెరుచుకోలేదు.

"ఇందులో పడుతుందండీ కబురు. ‘రెండడుగులు లేపండి’ అని వస్తుంది. మీరు చూసి లేపేయడమే" అన్నాను.

"ఆయ్. మరి నాకొచ్చిందని పైనోళ్ళకి ఎలా తెలుస్తాదండీ?"

"వాళ్ళకి పచ్చ టిక్కు పడుతుందండీ."

"ఆ టిక్కు ఎవరు పెడతారండీ? నేనా?"

"మీరు కాదండీ. సర్వరే పెడుతుంది."

ఆయన నీళ్ళ కేసి చూశారు.

"పూర్వం మాకు కాలవ ఫోనుండేదండి, లాకుకీ లాకుకీ మధ్యని. పై లాకులో మా మావయ్య. ‘రెండడుగులు లేపరా’ అనేవోడు. నేను ‘ఆయ్, రెండడుగులు లేపుతున్నా’ అనాలి. అనేదాకా ఫోను పెట్టేవోడు కాదండి, బూతులు తిట్టేవోడు." నా వైపు తిరిగారు. "ఆ బూతులు లేవాండీ ఇందులో?"

నవ్వాను. ఆఫీసుకొచ్చి నాగూర్‌కి చెప్పి ఇంకోసారి నవ్వాను.

"ఇప్పుడవన్నీ అక్కర్లేదండీ, కంప్యూటర్ చూసుకుంటుంది" అన్నాను ఆయనతో.

"ఆయ్" అన్నారు.

నారుమళ్ళు పోసిన రోజులు. ఒక పొద్దున తొమ్మిది దాటాక పై లాకు నుంచి మొగలిలంకకి కబురు వెళ్ళింది, మూడడుగులు లేపమని. సెక్షన్ ఆఫీసు తెర మీద పచ్చ టిక్కు పడింది. మొగలిలంకలో షట్టర్లు లేవలేదు. పై నుంచి వచ్చిన నీళ్ళు అక్కడ పోటెత్తి, గట్టు పొర్లి పక్కనున్న నారుమళ్ళ మీద పడ్డాయి. మనుషులకి ఏమీ కాలేదు. పదకొండు మంది రైతుల నారు కుళ్ళిపోయింది.

మర్నాడు నన్ను సెక్షన్ ఆఫీసుకి పిలిచారు. అక్కడి ఇంజనీరు ఏఈ గారు కుర్చీలో, చుట్టూ రైతులు, మధ్యలో సత్తిరాజు గారు చేతులు కట్టుకుని.

"నాకు రాలేదండి. మాయమ్మ తోడు, రాలేదండి."

"రాకుండా టిక్కెలా పడిందయ్యా?" ఏఈ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, మీ సర్వరేం చెబుతోంది?"

నేను ప్రింటు తీసి తెచ్చిన కాగితం అందించాను. "తొమ్మిదీ ఆరు నిమిషాలకి చేరిందండీ."

"నిద్రోయుంటాడు" అన్నాడు ఒక రైతు.

"లేపోతే మొక్కలకి నీళ్ళోసుకుంటున్నాడేమో" అన్నాడు ఇంకొకాయన. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

సత్తిరాజు గారు నన్నే చూశారు. కోపంగా కాదు. "మీరే కదండీ ఈ ఫోన్లో పెట్టిచ్చింది. ఒకసారి సరిగ్గా చూడండి అమ్మాయిగారూ."

"చూశానండీ" అన్నాను.

చూడలేదు.

ఆయన్ని ఆ రోజే సస్పెండు చేశారు. ఫోన్ తీసేసుకున్నారు.

సాయంత్రం ఆఫీసుకొచ్చి అప్పుడు చూశాను. నా ప్రోగ్రాంలో ‘కబురు పంపు’ అనే వరస ఉంది. దాని కిందే ‘టిక్కు పెట్టు’ అనే వరస. మధ్యలో ఏమీ లేదు. పంపగానే చేరిపోయినట్టే రాసేశాను. సిగ్నల్ పోయి అటు దారి తెగిపోయినా ఆ సంగతి సర్వరుకి కాసేపటిదాకా తెలీదు. అవతల మనిషి ఇంకా ఉన్నాడనుకునే పంపుతుంది, తప్పు కూడా చూపించదు. ఆయన గదిలోకి ఏ చెంబు కోసమో వెళ్ళుంటారు, అంతే.

ఫోన్ అప్పుడే చెయ్యాల్సింది.

నా బుర్ర ఇంకో దారి చూపించింది. ఇది చిన్న లైబ్రరీ కాబట్టి ఇలా జరిగింది, మంచి లైబ్రరీ పెడితే ఇంకెప్పుడూ జరగదు, అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు అనిపించింది. ఎంత హాయిగా ఉందో ఆ ఆలోచన. మర్నాడు పొద్దున్నే వెతకడం మొదలుపెట్టాను.

డబ్ల్యూఎస్ అనే లైబ్రరీ ఉంది, మేం వాడుతున్నది అదే. ఉత్త తీగ లాంటిది. తేలిక, మిగతాదంతా మనమే కట్టుకోవాలి. సాకెట్ ఐఓ అని ఇంకోటి. దారి తెగితే తనే మళ్ళీ కలుపుకుంటుంది, ఒక రకంగా కుదరకపోతే ఇంకో రకంగా ప్రయత్నిస్తుంది, కాస్త బరువు. మూడో పద్ధతిలో సర్వర్ నుంచి అటు మాత్రమే మాట వెళుతుంది, అటు నుంచి ఇటు రావడానికి వేరే దారి చూసుకోవాలి. ఇవి కాక వేరే భాషల్లో రాసినవి. ఇరవై రెండు నిలువు వరసలతో పట్టిక గీశాను. ఎంత వేగం, ఎంత మెమరీ, ఎంతమంది వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు సరిచేశారు. ఒకేసారి లక్ష ఫోన్లు కలిస్తే ఏమవుతుందో పరీక్ష కూడా పెట్టాను.

నాగూర్ నా వెనక నిలబడి చూశాడు.

"లాకులు పదమూడే కదా భాగ్యం. మిగతా తొంభై తొమ్మిది వేల చిల్లర ఎవరు, చేపలా?"

"నీకు తెలీదులే. రేపు పెరిగితే?"

"కాలవా?"

ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. "ఈ పెళ్ళిచూపులు ఇంకా అవలేదా? ఒకడికి ఎత్తు చాలదు, ఒకడు బరువెక్కువ, ఒకడు అసలు అవతలి మాట వినడు. ఎవడో ఒకడికి తాంబూలాలు ఇచ్చేయ్ తల్లీ."

పట్టిక పూర్తయితే ఆ తర్వాత చెయ్యాల్సిన పని ఏమిటో నాకు తెలుసు. అందుకే ఇంకో నిలువు వరస కలిపాను.

సోమవారం సెక్షన్ ఆఫీసు నుంచి మేడంకి కాగితం వచ్చింది, నేనిచ్చిన ప్రింటు జత చేసి. శుక్రవారం పదకొండింటికి సత్తిరాజు గారి మీద ఎంక్వయిరీ. సర్వర్ చెప్పింది నిజమేనని ఆ ప్రింటు కింద మా ఆఫీసు తరఫున సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ సంతకం పడితే ఆయన ఉద్యోగం పూర్తిగా పోయినట్టేనని తెచ్చిన అటెండరే చెప్పాడు.

మేడం ఆ కాగితం చదివి, మడతపెట్టి, నన్ను అడిగారు. "లైబ్రరీ సంగతి ఎంతవరకూ వచ్చింది?"

"బుధవారం చెబుతాను మేడం."

"బుధవారం" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం లాప్‌టాప్ మేడం టేబుల్ మీదికి తిప్పి మొదలుపెట్టాను. నాగూర్ పక్క టేబుల్ దగ్గర ఏదో టైపు చేసుకుంటున్నాడు. నేను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. మొదట వేగం. తర్వాత మెమరీ. గీతలు పైకి లేచేవి, పడిపోయేవి, రంగురంగుల్లో. మేడం తలూపుతూనే ఉన్నారు. లక్ష ఫోన్ల పరీక్ష దగ్గరకి వచ్చినప్పుడు కళ్ళు కాస్త పెద్దవి చేశారు కూడా. నాకు ఉత్సాహం పెరిగిపోయింది. పాలిటెక్నిక్‌లో చదివినవాళ్ళు కూడా ఇంత లోతుగా చూసి ఉండరు అనుకున్నాను.

ఆ అరగంటలో ఆవిడ ఒక్క మాటా తిరిగి అనలేదు. అది నేను గమనించలేదు. బాగా చెబుతున్నాననుకున్నాను.

"మరి ఏది తీసుకుందాం మేడం?" అన్నాను చివర.

మేడం తలూపారు.

"నేనైతే సాకెట్ ఐఓ వైపు మొగ్గుతున్నాను."

తలూపారు.

"లేకపోతే ఇప్పుడున్న డబ్ల్యూఎస్సే ఉంచేద్దామా?"

దానికీ తలూపారు.

అప్పుడు ఆగాను. పక్క టేబుల్ దగ్గర టైపు చప్పుడు కూడా ఆగింది.

"మేడం?"

చిరునవ్వు నవ్వి ఇంకోసారి తలూపారు.

అప్పుడు మెల్లగా టేబుల్ సొరుగు లాగారు. లోపల మడతపెట్టిన చేతిరుమాలు మీద ఆవిడ చెవి మిషను ఉంది. తీసి ఎడమ చెవికి పెట్టుకున్నారు. అది చిన్నగా కూత పెట్టి సర్దుకుంది.

"అయిందా చెప్పడం?" అన్నారు.

"మేడం... మీరసలు ఏమీ వినలేదా?"

"ఏమీ వినలేదు."

"అరగంట చెప్పాను మేడం!"

"అరగంట చెప్పావు. బాగానే చెప్పినట్టున్నావు. చేతులు బాగా తిప్పావు."

నాగూర్ కిటికీ వైపు తిరిగిపోయాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

"మీరు తలూపుతుంటే వింటున్నారనే అనుకున్నానండీ."

మేడం గాజు పేపర్‌వెయిట్ కింద నుంచి ఆ ప్రింటు కాగితం లాగి నా ముందు పెట్టారు. తొమ్మిదీ ఆరు, మొగలిలంక, మూడడుగులు, చేరింది. పక్కన టిక్కు. అడుగున సంతకానికి గీసిన గీత ఖాళీగా ఉంది. ఆ గీత మీద తన పెన్ను అడ్డంగా పెట్టారు.

"ఇప్పుడు చెప్పు" అన్నారు.

నాగూర్ భుజాలు ఆగిపోయాయి.

చెప్పేదాన్నే. గొంతు దాకా వచ్చింది. పైకి వచ్చేటప్పటికి వేరే మాటయింది.

"సాకెట్ ఐఓ తీసుకుంటాను మేడం."

"సాకెట్ ఐఓ తీసుకుంటావు."

అని ఊరుకున్నారు. ఫోన్ అవతలివాళ్ళు పెట్టేదాకా తను పెట్టని మనిషి ఎలా ఉంటారో అలా, తొందర లేకుండా, నా మొహం కేసి చూస్తూ ఉన్నారు. కింద షాపులో కుట్టు మిషను ఒక జాకెట్టు పొడుగునా నడిచి ఆగింది. ఇంకొకటి మొదలైంది. ఆవిడ ఇంకా చూస్తూనే ఉన్నారు.

నేనే లేచాను. లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మామూలుగా, బోర్డు మీద అడిగినట్టే అడిగారు.

"అవతల ఎవరమ్మా?"

ఇవాళ గురువారం. పొద్దున్నే వచ్చి ఆ రెండు వరసల మధ్య రాయాల్సింది రాశాను. కబురు అటు వెళ్ళాక, అటు మనిషి వేలితో నొక్కి ఒప్పుకునేదాకా టిక్కు పడదు. రెండు నిమిషాల్లో నొక్కకపోతే తెర మీద ఆ లాకు వరస ఎర్రబడి, పై లస్కరు ఫోన్ మోగుతుంది, నోటితో మాట్లాడి కనుక్కోమని.

గంట పట్టింది. సాకెట్ ఐఓలో దానికి ఏర్పాటు తయారుగానే ఉంది. పాత డబ్ల్యూఎస్‌తోనైనా ఇంకో ఇరవై వరసలు రాస్తే అయిపోయేది. వేసవిలోనే అయిపోయేది. గట్టు మీద ఆయన అడిగిన రోజునే.

లస్కర్లు నొక్కాల్సిన బొత్తాం మీద ఏం రాయాలా అని ఆలోచించాను. ‘అందినది’ అని రాసి చెరిపేశాను. ‘ఆయ్’ అని రాశాను.

నాగూర్ ఫోన్ పట్టుకుని కిందికి వెళ్ళి టైలర్ గారి పక్కన నిలబడి నొక్కాడు. టిక్కు పడింది. తర్వాత ఫోన్లో సిగ్నల్ ఆపేసి మెట్ల మీద కూర్చున్నాడు. రెండు నిమిషాలకి తెర ఎర్రబడి నా పక్కన ఉన్న ఫోన్ గోల గోలగా మోగింది.

"ఏవమ్మా, బూతులు కూడా పెట్టావన్నమాట!" అని మెట్ల మీంచి అరిచాడు.

నాకు నవ్వు రాలేదు. వాడు పైకి వచ్చి నా మొహం చూసి తన కుర్చీలో కూర్చున్నాడు.

పన్నెండింటికి అన్ని లాకులకీ పరీక్ష కబురు పంపాను. మేడం నా వెనకే నిలబడ్డారు. ఒక్కొక్కటే టిక్కు పడుతుంటే చూశాం. కొందరు వెంటనే నొక్కారు. ఒకాయన నొక్కడమే కాక ఫోన్ కూడా చేసి "ఆయ్, నొక్కేనండి, పడిందాండి?" అని అడిగారు. పడిందన్నాను. పన్నెండు పచ్చలయ్యాయి. మొగలిలంక వరస ఖాళీగా ఉండిపోయి, రెండు నిమిషాలకి ఎర్రబడింది. ఆ ఫోన్ సెక్షన్ ఆఫీసు బీరువాలో ఉంది. ఆ లాకుని ఇప్పుడు పక్క లాకు లస్కరు వచ్చి చూసుకుంటున్నాడు.

"పన్నెండు" అన్నాను.

"పన్నెండు" అన్నారు మేడం.

భోజనానికి ఇంటికి వెళుతూ ఆ ప్రింటు కాగితం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. సంతకం లేదు. పెన్ను కూడా దాని మీదే వదిలేశారు, మూత తీసి.

ఆ పెన్నుతోనే ఇదంతా రాస్తున్నాను, నా ఇరవై మూడు నిలువు వరసల పట్టిక ప్రింటు వెనక. నాగూర్ భోజనానికి రమ్మన్నాడు, తర్వాత వస్తానన్నాను. రాస్తే తేలికవుతుందనుకున్నాను. రాయడం కూడా ఉత్త పంపడమేనని ఇక్కడిదాకా వచ్చాక తెలిసింది. ఈ కాగితం ఎవరూ చదవరు.

లాకుల దగ్గర ట్రైనింగు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అందరి నంబర్లూ రాసుకున్న కాగితం సొరుగులోనే ఉంది. శాఖ ఇచ్చిన ఫోన్ నంబరు కాక ఇంటి నంబరు కూడా ఇచ్చింది సత్తిరాజు గారొక్కరే. "గట్టు మీద సిగ్నలు పోతే మాయావిడకి చెయ్యండి, కేకేత్తాది" అన్నారు ఆ రోజు.

ఏఈ గారికి ముందు చెయ్యాలా అని ఇంతసేపూ ఆలోచించాను. రేపు ఎంక్వయిరీలో ఎలాగూ అందరి ముందూ చెప్పాలి. పని పోవచ్చు. కాలువల పని మేడం చెయ్యి జారిపోవచ్చు. అదంతా పదకొండింటి సంగతి. అప్పటిదాకా ఆయన ఇంకో రాత్రి, నిద్రపోయాడని అందరూ అనుకుంటున్న మనిషిగా గడపకూడదు.

ముందు ఆయనకే.

ఆవిడ ఎత్తితే సత్తిరాజు గారిని పిలవమంటాను. ఆయన వచ్చాక, మీకు కబురు రాలేదండీ, ఆ టిక్కు అబద్ధం, అలా రాసింది నేను, చూశానన్నాను కానీ ఆ రోజు చూడలేదు, రేపు వచ్చి ఈ మాటే చెబుతాను అంటాను. అని పెట్టేయను. ఆయన ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను. వాళ్ళ మావయ్య తిట్టినట్టు తిట్టినా సరే, అవతల నుంచి ఏదో ఒక మాట నా చెవిన పడేదాకా ఫోన్ పెట్టను.

ఇక పెన్నుకి మూత పెట్టేస్తాను. చేస్తున్నాను.